తీగకు కాపలా వేరు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల మీద కాపలా వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. నాలుగు ఆసుపత్రులు కలిసి రోగుల రికార్డుల మీద ఒక లెక్క వేయాలి. ఎవరి రికార్డులు వాళ్ల దగ్గరే ఉండాలి, అందుకే ఎంపీసీ వాడదామనుకుంటున్నారు. ఈలోపు ఒక సంస్థవాళ్లు వచ్చి, మా క్వాంటమ్ లింకులు, అంటే కాంతి కణాలతో రహస్య తాళంచెవి పంపుకునే తీగలు, పెట్టుకుంటే మీ ఎంపీసీ నేరుగా ఫిజిక్స్ సూత్రాల మీదే నిలబడుతుంది, ఎంత పెద్ద కంప్యూటర్ వచ్చినా ఎవరూ ఏమీ చూడలేరు అన్నారు. నిజమేనా, డబ్బు పెట్టొచ్చా అని మీ ప్రశ్న.

సగం నిజం. ఏ సగమో తెలుసుకోకుండా మాత్రం సంతకం పెట్టకండి.

ఇది చదివే కొత్తవాళ్ల కోసం: ఎంపీసీ అంటే ఇంటర్‌లో తీసుకునే గ్రూపు కాదు, మల్టీ పార్టీ కంప్యూటేషన్. చిట్టీ పాట ఊహించుకోండి. నోటితో పాడకుండా చీటీ మీద రాసిచ్చే పద్ధతి అనుకుందాం, ఎక్కువ వదులుకున్నవాళ్లకు చిట్టీ. చీటీలు విప్పే మనిషికి గెలిచిందెవరో మాత్రమే కాదు, ఓడినవాళ్లు ఎంతదాకా దిగారో, అంటే ఎవరికి డబ్బు ఎంత అర్జెంటో కూడా తెలిసిపోతుంది. వచ్చే నెల పాటకి ఆ సమాచారం బంగారం. చీటీలు విప్పే మనిషే లేకుండా, గెలిచిందెవరో ఒక్కటే బయటపడేలా అందరూ కలిసి లెక్క తేల్చుకోవడమే ఎంపీసీ. 1982లో ఆండ్రూ యావో దీన్నే ఇద్దరు కోటీశ్వరుల కథగా చెప్పారు, ఆస్తి ఎంతో చెప్పుకోకుండా ఎవరు ఎక్కువ ధనవంతులో తేల్చుకోవడం ఎలా అని.

కాగితాల మీదే మిగిలిపోయిన విషయం కూడా కాదు. 2008 జనవరిలో డెన్మార్క్‌లో సుమారు 1,200 మంది షుగర్ బీట్ రైతులు తమ సాగు ఒప్పందాలను ఇలాగే వేలంలో చేతులు మార్చుకున్నారు. అక్కడ కొనేది డానిస్కో ఒక్కటే. ఏ ధరకు ఎంత అమ్ముతానో రైతు చెప్పేశాడంటే అతని ఖర్చులెంతో, ఎక్కడ నొక్కితే దిగొస్తాడో కంపెనీకి తెలిసిపోయినట్టే. మన చిట్టీ గొడవే. అందుకని కంపెనీ, రైతుల సంఘం, పరిశోధకుల బృందం తలా ఒక సర్వర్ నడిపారు. ప్రతి బిడ్డూ ముక్కలై ఆ మూడింటి మధ్య పంచబడింది, ఏ ఒక్క సర్వర్‌కూ బిడ్ తెలియదు, మార్కెట్ ధర మాత్రం బయటికొచ్చింది. అందులో క్వాంటమ్ చుక్క కూడా లేదు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ముక్కలు చేయడం ఎలాగో ఒకసారి చేత్తో చేసి చూడండి, సులువుగా ఉండడానికి మూడు ఆసుపత్రులతో చెప్తాను. ఒక జబ్బు కేసులు మొదటి ఆసుపత్రిలో 120, రెండోదాంట్లో 75, మూడోదాంట్లో 210. లెక్కంతా వెయ్యి దాటితే చివరి మూడంకెలే ఉంచుకుందాం. మొదటి ఆసుపత్రి 431, 902 అని నోటికొచ్చిన రెండు సంఖ్యలు తీసుకుని, మొత్తం 120 అయ్యేలా మూడోది 787 పెడుతుంది. రెండోది తన 75ని 640, 318, 117గా, మూడోది తన 210ని 55, 276, 879గా విడగొడతాయి. ప్రతి ఆసుపత్రీ ఒక ముక్క తన దగ్గర ఉంచుకుని మిగతా రెండూ చెరొకరికి పంపుతుంది. మొదటి ముక్కల మొత్తం 126, రెండోవాటిది 496, మూడోవాటిది 783. ఈ మూడూ బయటపెట్టి కలిపితే 405. అసలు జవాబు అదే. మధ్యలో ఎవరికి కనపడిందీ అర్థంలేని సంఖ్యలే.

కూడికలు ఇలా ఉచితంగా అయిపోతాయి. చిక్కంతా గుణకారంతో, పోలికలతో మొదలవుతుంది, దాని దగ్గరికి వస్తాను. అంతకన్నా ముందు పై ఉదాహరణలోనే ఉన్న రెండు కన్నాలు చూడండి. ఒకటి, ఫలితమే రహస్యం చెప్పేయొచ్చు. 405 బయటికొచ్చాక రెండు ఆసుపత్రులు కుమ్మక్కైతే తమ అంకెలు తీసేసుకుని మూడోదాని 210 చిటికెలో పట్టేస్తాయి. దీన్ని ఏ ఎంపీసీ ఆపదు, ఏ క్వాంటమూ ఆపదు, ఏ ఫలితం బయటపెట్టాలో మీరే ఆలోచించుకోవాలి. రెండోది, ముక్కలు తీగ మీద వెళ్తున్నాయి. బయటివాడు అన్ని తీగలూ వింటే అన్ని ముక్కలూ అతనివే.

క్వాంటమ్ పనికొచ్చేది ఈ రెండో కన్నం దగ్గర. 1988లో బెన్-ఓర్, గోల్డ్‌వాసర్, విగ్డర్సన్ ఒక పేపర్లో, చౌమ్, క్రెపో, డామ్‌గోర్డ్ ఇంకో పేపర్లో గొప్ప విషయం నిరూపించారు: మోసగాళ్లు మూడోవంతు కన్నా తక్కువుంటే ఏ లెక్కనైనా, వాళ్ల దగ్గర ఎంత కంప్యూటర్ బలమున్నా సరే, రహస్యంగా చేసుకోవచ్చు. మీ నాలుగు ఆసుపత్రుల్లో ఒకటి పూర్తిగా దొంగబుద్ధితో ప్రవర్తించినా ఫర్వాలేదన్నమాట, రెండైతే కుదరదు. కానీ ఆ నిరూపణలో ఒక షరతు ఉంది, ప్రతి ఇద్దరి మధ్యా ఎవరూ వినలేని తీగ ఉండాలి. నిజ జీవితంలో ఆ తీగను మనం పబ్లిక్ కీ క్రిప్టోగ్రఫీతో, అంటే ఫలానా గణిత సమస్యను ఎవరూ విప్పలేరన్న ఊహ మీద నడిచే తాళాలతో, చేసుకుంటాం, అందులో ఆర్‌ఎస్‌ఏ లాంటివాటిని పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ పగలగొడుతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. అంటే మేడ కాంక్రీటుది, గుమ్మం మాత్రం అట్టముక్కది. ఆ గుమ్మం స్థానంలో క్యూకేడీ (క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్), అంటే ఫోటాన్లు అనే కాంతి కణాల ద్వారా తాళంచెవి పంచుకునే పద్ధతి పెడితే నిరూపణ మొత్తం నిలబడుతుంది. మీ వెండర్ చెప్పిన సగం నిజం ఇదే, దాన్ని నేను తక్కువ చేయను.

పక్కమాట ఒకటి. క్యూకేడీకి మూలమైన బీబీ84 పద్ధతిని బెనెట్, బ్రసార్డ్ 1984 డిసెంబరులో చదివింది మన బెంగళూరు సదస్సులోనే.

ఇప్పుడు నిజం కాని సగం. క్యూకేడీలో తీగకు రెండు చివర్లా ఉన్నవాళ్లు ఒకరినొకరు నమ్ముతారు, దొంగ బయటివాడు, మధ్యలో ఎక్కడో దాక్కుని వింటున్నాడు. ఎంపీసీలో దొంగ మీతోపాటే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. తీగ ఎంత భద్రంగా ఉంటే అంత భద్రంగా మీ ముక్క అతని చేతికే చేరుతుంది! బల్ల దగ్గర మంచివాళ్లు సరిపడా ఉంటే సమస్య లేదు. సగంమందో అంతకన్నా ఎక్కువో కుమ్మక్కవుతారని భయముంటే, లేదా అసలు ఉన్నదే ఇద్దరైతే, తీగ సరిపోదు, వేరే పనిముట్టు కావాలి.

ఆ పనిముట్టు పేరు ఓటీ. ఆసుపత్రివాళ్లతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త, ఆపరేషన్ థియేటర్ అనుకుంటారు, నాకు ఒక మీటింగ్‌లో పది నిమిషాలు అలాగే పోయాయి. ఇది ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్. నా దగ్గర రెండు సందేశాలున్నాయి, మీరు ఒకటి ఎంచుకుంటారు, మీకు ఆ ఒక్కటే అందుతుంది, మీరు ఏది ఎంచుకున్నారో నాకు తెలియదు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఇది ఒక్కటుంటే చాలు ఏ ఎంపీసీ అయినా కట్టొచ్చని 1988లో జో కిలియన్ నిరూపించారు. పైన చెప్పిన గుణకారం చిక్కు కూడా దీంతో విప్పొచ్చు.

ఓటీని ఫోటాన్లతో చేయొచ్చన్న ఆలోచన క్యూకేడీ కన్నా పాతది. స్టీఫెన్ వీస్నర్ 1970 ప్రాంతంలోనే రాశారు, అచ్చయింది మాత్రం 1983లో. ఆ దారిలో 1991లో బెనెట్, బ్రసార్డ్, క్రెపో, స్కుబిషెవ్‌స్కా ఒక పద్ధతి ఇచ్చారు. దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. నేను ఫోటాన్లు పంపుతాను, ఒక్కో ఫోటాన్‌ని నిలువు-అడ్డం కోణంలోనో, ఏటవాలు కోణంలోనో, ఏదో ఒకదాంట్లో. మీకు ఏది ఏ కోణమో తెలియదు కాబట్టి గుడ్డిగా కొలుస్తారు. సుమారు సగం సరిగ్గా కొలుస్తారు, మిగతా సగంలో మీకొచ్చింది చెత్త. తర్వాత కోణాలేమిటో నేను చెప్పేస్తాను. మీరు సరిగ్గా కొలిచినవాటిని ఒక జాబితాగా, తప్పుగా కొలిచినవాటిని ఇంకో జాబితాగా చేసి, ఏది ఏదో చెప్పకుండా నాకిస్తారు. నేను మొదటి సందేశానికి మొదటి జాబితా బిట్లతో, రెండోదానికి రెండో జాబితా బిట్లతో తాళం వేసి పంపుతాను. సరైన జాబితాది మాత్రమే మీకు తెరుచుకుంటుంది. ఏది తెరుచుకుందో నాకు తెలిసే దారి లేదు. నాకైతే ఇప్పటికీ చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

మోసం ఎక్కడంటే, మీరు కొలవనే కొలవకుండా ఫోటాన్లను దాచిపెట్టుకుని, నేను కోణాలు చెప్పాక తీరిగ్గా అన్నీ సరిగ్గా కొలవొచ్చు. రెండు సందేశాలూ మీవే. దీనికి విరుగుడు, కొలిచాకే కోణాలు చెప్పడం, కొలిచానని మీరు ముందే రుజువివ్వడం. ఆ రుజువుకి కమిట్‌మెంట్ కావాలి. అంటే మీ కొలతల్ని చీటీ మీద రాసి, పెట్టెలో పెట్టి తాళం వేసి నాకిచ్చి తాళంచెవి మీ దగ్గర ఉంచుకోవడం. నేను ముందే చూడలేను, మీరు తర్వాత మార్చలేరు. నేను అక్కడక్కడా కొన్ని పెట్టెలు తెరిపించి సరిచూసుకుంటాను.

మరి ఆ పెట్టెను కూడా క్వాంటమ్‌తోనే చేస్తే అంతా ఫిజిక్స్ మీదే నిలబడేది కదా. 1993లో బ్రసార్డ్, క్రెపో, జోజా, లాంగ్‌లువా అలాంటి పెట్టె ఇచ్చారు, కొన్నేళ్లు అందరూ నమ్మారు. 1997కల్లా ఒకవైపు మేయర్స్, ఇంకోవైపు లో, చౌ కలిసి అది ఎప్పటికీ కుదరదని తేల్చేశారు. కారణం చెప్పుకుంటే చిన్నదే. పెట్టె నిజంగా ఏమీ బయటపెట్టకూడదంటే, లోపల 0 ఉన్నా 1 ఉన్నా బయటినుంచి ఒకేలా ఉండాలి. అలా ఒకేలా ఉందంటే, తేడా అంతా పెట్టె ఇచ్చినవాడి దగ్గర మిగిలిన, పెట్టెతో ముడిపడిన ఫోటాన్లలోనే ఉన్నట్టు. తన ఇంట్లో కూర్చుని తన భాగాన్ని తిప్పుకుంటే చాలు, అవతలి పెట్టెలో 0 కాస్తా 1 అవుతుంది. పూర్తిగా దాచే పెట్టె అయితే మార్చేసుకోవచ్చు, మార్చలేని పెట్టె అయితే ఎంతో కొంత బయటికి కారుతుంది. అదే ఏడాది లో ఇంకో అడుగు వేసి ఓటీకి కూడా, ఇద్దరి మధ్య ఇలాంటి లెక్కలకూ ఇదే గతి అని చూపించారు.

కాబట్టి బల్ల దగ్గర ఎవర్నీ నమ్మకుండా, ఏ గణిత ఊహ మీదా ఆధారపడకుండా, కేవలం ఫిజిక్స్‌తో ఎంపీసీ అని ఎవరైనా అంటే వాళ్లు ఇరవై ఏడేళ్ల పైబడిన సిద్ధాంతాన్ని చదవలేదన్నమాట, లేదా మీరు చదవలేదని అనుకుంటున్నారన్నమాట. ఎదుటివాడి దగ్గర ఫోటాన్లు దాచుకునే సామర్థ్యం ఇంతకు మించి లేదు అని ఊహిస్తే కుదిరే పద్ధతులు 2005 నుంచి ఉన్నాయి, కానీ అది కూడా ఊహే, ఆ మాట ఒప్పందంలో రాయమనండి.

ఇంతటితో క్వాంటమ్‌ని కొట్టిపారేయకండి, 2021లో మంచి మలుపు వచ్చింది. మామూలు కంప్యూటర్ల లోకంలో ఓటీకి పబ్లిక్ కీ తరహా బరువైన ఊహ కావాలి, హాష్ లాంటి ఏకముఖ ఫంక్షన్లు, అంటే ముందుకు లెక్క వేయడం తేలికై వెనక్కి తిప్పడం కష్టమైనవి, ఒక్కటే ఉంటే చాలవని చెప్పడానికి ఇంపాగ్లియాజో, రుడిక్‌ల 1989 పేపర్ నుంచి గట్టి ఆధారమే ఉంది. 2021లో రెండు బృందాలు, ఒకటి బార్టుసెక్, కొలాడాంజెలో, ఖురానా, మా, ఇంకోటి గ్రిలో, లిన్, సాంగ్, వైకుంఠనాథన్, ఫోటాన్లు పంపుకునే వీలుంటే ఏకముఖ ఫంక్షన్లతోనే ఓటీ, దాంతో మొత్తం ఎంపీసీ కట్టొచ్చని నిరూపించాయి. అంటే పైన చెప్పిన పెట్టెను ఫిజిక్స్‌తో కాకుండా హాష్ తరహా వస్తువుతో చేసుకున్నా సరిపోతుంది. ఇంకో లాభం, పెట్టె రకం సరిగ్గా ఎంచుకుంటే ఆ ఊహ ప్రోటోకాల్ నడుస్తున్న కాసేపు నిలబడితే చాలు, పదేళ్ల తర్వాత ఎవడో హాష్ పగలగొట్టినా అప్పటికే ఫోటాన్లు కొలిచేసి ఉంటాయి కాబట్టి వెనక్కి వెళ్లి దొంగిలించడానికేమీ మిగలదు. ఇవాళ రికార్డు చేసిపెట్టుకుని రేపు పగలగొట్టే దొంగల విషయంలో ఇది నిజమైన లాభం. మీ వెండర్ దీని గురించి మాట్లాడి ఉంటే నేను లేచి నిలబడి వినేవాణ్ణి. కానీ వాళ్లమ్ముతున్నది క్యూకేడీ యంత్రాలు, ఇది కాదు.

ఇక నేల మీదకి వద్దాం. ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ నష్టం. వంద కిలోమీటర్లకు నూటికి ఒక ఫోటాన్ మిగులుతుంది. మీ ఆసుపత్రుల్లో ఒకటి విజయవాడలో, మిగతావి హైదరాబాద్‌లో అన్నారు కదా, రోడ్డు వెంబడి ఫైబర్ సుమారు 275 కిలోమీటర్లనుకుంటే పది లక్షల ఫోటాన్లు పంపితే చేరేవి మూడు. మామూలు ఇంటర్నెట్‌లోలా మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టడానికి లేదు, క్వాంటమ్ స్థితిని కాపీ తీయడం కుదరదు, మన భద్రత అంతా ఆ కుదరకపోవడం మీదే కదా నిలబడింది. అందుకని మధ్యలో, సూర్యాపేటలో అనుకోండి, ఒక నమ్మకమైన కేంద్రం పెడతారు. చైనా బీజింగ్-షాంఘై మధ్య సుమారు 2,000 కిలోమీటర్ల లైను కూడా ఇలాంటి 32 కేంద్రాలతో వేసిందే. ఆ కేంద్రంలో తాళంచెవి విప్పి మళ్లీ కట్టాలి, అంటే ఆ గది తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకి మీ తాళంచెవి కనపడుతుంది. చీటీలు విప్పే మనిషి వద్దనే కదా ఎంపీసీకి వచ్చాం, ఆయన్ని సూర్యాపేటలో కూర్చోబెట్టాం.

ఊరి లోపల దూరాలకైతే ఈ బాధ లేదు. 2020 డిసెంబరులో డీఆర్‌డీవో హైదరాబాద్‌లోనే తన రెండు ల్యాబ్‌లు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ మధ్య క్యూకేడీ నడిపి చూపించింది. 2022 ఫిబ్రవరిలో ఐఐటీ ఢిల్లీతో కలిసి ప్రయాగ్‌రాజ్-వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లు దాటింది. 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన 6,003.65 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్ 2,000 కిలోమీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. లక్ష్యాన్ని ఇవాళ కొనలేం, అదొక్కటే తేడా.

తర్వాత తాళంచెవి వేగం. ఎంపీసీకి దాహం ఎక్కువ. మీ లెక్కలో కోటి గుణకారాలున్నాయనుకోండి, రోగుల రికార్డులు పోల్చే పనికి అది పెద్ద సంఖ్య కాదు. ఒక్కో గుణకారానికి ఒక్కో లింకు మీద అటు 64, ఇటు 64 బిట్లు వెళ్తాయనుకుంటే మొత్తం 128 కోట్ల బిట్లు. బిట్‌కి బిట్ తాళంచెవి ఖర్చుపెడితేనే ఫిజిక్స్ గ్యారంటీ. లింకు సెకనుకు 10,000 బిట్ల తాళంచెవి ఇస్తే 1,28,000 సెకన్లు, ముప్పై అయిదు గంటల పైమాట. నలుగురికి ఆరు లింకులు కావాలి, ఆరు జతల యంత్రాలు. అంత ఆగలేక క్యూకేడీ తాళంచెవిని ఏఈఎస్‌కి, అంటే చిన్న తాళంచెవితో పెద్ద డేటాకి తాళం వేసే మామూలు పద్ధతికి, ఇచ్చి దాంతో డేటా పంపుతారు, చాలామంది చేసేది అదే, తప్పేమీ కాదు, కానీ అప్పుడు మీ భద్రత ఏఈఎస్ అంత. ఫిజిక్స్ అంత కాదు. పైగా అవతల ఉన్నది నిజంగా ఆ ఆసుపత్రేనా అని తేల్చుకోవడానికి క్యూకేడీకి కూడా ముందే పంచుకున్న రహస్యమో, డిజిటల్ సంతకమో కావాలి. యంత్రాల్లో లోపాలు సరేసరి. 2010లో మకరోవ్‌తో కూడిన బృందం బలమైన కాంతితో డిటెక్టర్లకు కళ్లు కప్పి, మార్కెట్లో అమ్మే క్యూకేడీ యంత్రాల నుంచే తాళంచెవి మొత్తం రాబట్టవచ్చని చూపించింది.

నా అనుభవంలో డేటా బయటపడింది వీటన్నిటికన్నా చిన్న చోట. కొన్నేళ్ల క్రితం ఒక పైలట్ ప్రాజెక్టులో పనిచేశాను, మూడు సంస్థలు, పేర్లెందుకు. ప్రోటోకాల్ నిరూపణలు, ఎన్‌క్రిప్షన్ అన్నీ రెండు నెలలు తరచి చూసుకున్నాం. ఆఖరికి మూడు సర్వర్లలోనూ డీబగ్ లాగ్ (తప్పులు వెతకడానికి సర్వర్ రాసుకునే చిట్టా) ఆపడం మర్చిపోయారు, వచ్చిన ముక్కలన్నీ టెక్స్ట్ ఫైల్‌లో పడుతున్నాయి, ఆ ఫైల్ ప్రతి రాత్రీ మూడు సంస్థలకీ కలిపి ఉన్న ఒకే బ్యాకప్‌లోకి వెళ్తోంది. వరసగా మూడింటి లాగ్‌లూ. కనిపెట్టింది ఆడిటర్ కాదు, డిస్క్ నిండిపోయిందని ఫిర్యాదు చేసిన కుర్రాడు. ఆ రాత్రి పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది.

అందుకని మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. నలుగురిలో ఇద్దరు కుమ్మక్కయ్యే అవకాశం నిజంగా ఉందా అని ముందు మేనేజ్‌మెంట్‌లతో తేల్చుకుంటాను. ఒకే గ్రూపు ఆసుపత్రులు రెండుంటే అవి రెండు కాదు, ఒకటే. కుమ్మక్కు భయం లేకపోతే సీక్రెట్ షేరింగ్, అంటే పైన చూసినట్టు ముక్కలు పంచుకోవడం, దాని మీద నడిచే పద్ధతి తీసుకుంటాను, వేగంగా ఉంటుంది, లోపల పగలగొట్టడానికి గణిత ఊహలుండవు. తీగలకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఖరారు చేసిన ఎంఎల్-కెమ్ పెడతాను, క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా లొంగకూడదని చేసిన పద్ధతి అది, కొత్త ఫైబర్, కొత్త యంత్రాలు అక్కర్లేదు. కుమ్మక్కు భయం ఉంటే ఓటీ పద్ధతికి వెళ్తాను. అక్కడ కూడా కంగారు లేదు, 2003లో ఇషాయ్ వగైరాలు ఇచ్చిన ఎక్స్‌టెన్షన్‌తో 128 ఓటీలు గట్టిగా చేసుకుంటే మిగతా కోట్ల ఓటీలు హాష్‌తోనే పుట్టించుకోవచ్చు. ఆ 128కి లాటిస్ పద్ధతి, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా కష్టమనుకునే గణితం మీద కట్టినది, వాడితే క్వాంటమ్ బెడద దాదాపు తీరినట్టే. హైదరాబాద్‌లో ఉన్న మూడింటి మధ్య ఎవరైనా గ్రాంటు ఇచ్చి క్యూకేడీ పెడతామంటే వద్దనను, ఎంఎల్-కెమ్ తాళంచెవితో కలిపి వాడతాను, రెండింట్లో ఏది నిలబడినా చాలేలా. సొంత డబ్బుతో మాత్రం కొనను.

వెండర్‌ని అడగాల్సినవి కూడా అడిగారు. మధ్యలో కేంద్రాలెన్ని, వాటి తాళాలెవరి దగ్గర? మా డేటాకి బిట్‌కి బిట్ తాళంచెవి ఇస్తారా, ఏఈఎస్‌కి ఇస్తారా? రెండు ఆసుపత్రులు కుమ్మక్కైతే మీ యంత్రం ఏం చేస్తుంది? మూడోదానికి నిజాయితీపరుడు ఇచ్చే జవాబు "ఏమీ చేయదు" అనే. ఆ మాట చెప్పగలిగితే మిగతా విషయాల్లో ఆ మనిషిని నమ్మొచ్చు.

మీ లెక్కలో గుణకారాలెన్నో, పోలికలెన్నో, ఫలితంగా బయటపెట్టే పట్టికలో అతి చిన్న గడిలో ఎంతమంది రోగులుంటారో రాసి పంపండి. ఒక మండలంలో ఆ జబ్బు ఒక్కరికే ఉంటే ఆ గడి చూసిన ఊరివాళ్లకు పేరు చెప్పక్కర్లేదు. నాకు మీ క్వాంటమ్ కన్నా ఆ గడి గురించే ఎక్కువ బెంగగా ఉంది.